అరచేతులును అరికాళ్లును గట్టిపడు వ్యాధి

మనుష్యుని శరీరములో అరచేయియు అరికాలును మిక్కిలి పాటుపడు భాగములు. అన్నము తినుటకు, కలము పట్టుటకు, పెద్దలకు నమస్కరించుటకు, పడినవానిని లేవనెత్తుటకు అరచేయి కావలెను. దేహభారమునంతయు మోయుటకు అరికాలు కావలెను. మన నెల్లూరు సముద్రతీరమున ఈ రెంటికిని కలుగు శ్రమ మరింత అధికము. ఇసకపల్లి మొదలుకొని మైపాడు, కృష్ణపట్నముల మీదుగా పులికాటు సరస్సు వరకు గల పల్లెలలో వలత్రాళ్లు లాగి లాగి పట్టపువారి చేతులు కాయలు కాచియుండును. ఉప్పుమడులలో పనిచేయువారి పాదములు ఉప్పునీటికి బిరుసెక్కి పగులును. రోహిణికార్తె యెండలో చెప్పులు లేక ఇసుకపై నడచువారి మడమలు తోలువలె గట్టిపడును. వరిమళ్ల బురదలో దినమంతయు నిలిచి నాట్లు వేయు స్త్రీల అరికాళ్ల సంగతి చెప్పనక్కరలేదు.

ఇట్టి కాయలను చూచి యెవ్వరును భయపడరు. కష్టించి బ్రదుకువాని చేతులని వానిని గౌరవింతురు. అయితే త్రాడు లాగియెరుగని, బరువు మోసియెరుగని పసిబిడ్డకు అరచేతులును అరికాళ్లును పసుపువన్నె కలిగి, మైనము దట్టముగా పూసినట్లు మందమై కనబడినయెడల ఇంటివారి మనస్సు కలత చెందును. ఇరుగుపొరుగువారు చాటున మాటలాడుకొందురు. కొందరది గ్రహణమునాడు తల్లి చేసిన పొరబాటందురు. మరికొందరు ‘పెద్దరోగ’ మందురు. ఆ మాట ఊరిలో పుట్టినపిమ్మట ఆ బిడ్డతో ఆడుకొనువారుండరు. ఆ రెండు మాటలును నిజము కావు. ఈ వ్యాధి యెట్టిది, యెందువలన కలుగును, దీనికి చేయదగిన ఉపచారమేమి, పాఠశాలలో మన కర్తవ్యమేమి యను సంగతులను విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును తెలియజేయుటకే ఈ వ్యాసము.

చర్మము యొక్క నిర్మాణము

వ్యాధిని తెలిసికొనుటకు ముందు ఆరోగ్యమైన చర్మమును కొంచెము తెలిసికొనవలెను. చర్మమునకు లోపలి పొర యనియు పై పొర యనియు ముఖ్యముగా రెండు పొరలు గలవు. పై పొర యొక్క అడుగున ఎల్లప్పుడును క్రొత్త కణములు పుట్టుచుండును. అవి క్రమముగా పైకి నెట్టబడుచు, చదునై, ప్రాణము పోగొట్టుకొని, తుదకు పలుచని పొలుసులై రాలిపోవును. అడుగున పుట్టిన కణము పైకి వచ్చి రాలుటకు సుమారు నాలుగు వారములో, అంతకు కొంత ఎక్కువయో పట్టును. పుట్టుటకును రాలుటకును సరిసమానమైన లెక్క కుదిరియున్నంత కాలము చర్మము ఒకే మందమున నిలిచియుండును.

ఈ కణములయందు కెరటిన్ అను గట్టి పదార్థము కలదు. మన గోళ్లును వెండ్రుకలును, పశువుల కొమ్ములును గిట్టలును ఈ జాతి పదార్థముతో ఏర్పడినవే. కనురెప్పమీద పై పొర యొక్క మందము మిల్లీమీటరులో ఇరువదవ వంతు మాత్రమే. అరికాలియందు అదియే సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు, అనగా ముప్పది రెట్లు. అరచేతియందును అరికాలియందును వెండ్రుకలు మొలవవు; చర్మమునకు జిడ్డునిచ్చు గ్రంథులును ఉండవు; చెమటగ్రంథులు మాత్రము మిక్కిలి దట్టముగా నుండును. చలికాలములో ఈ భాగములు త్వరగా ఎండి పగులుటకు జిడ్డు లేకపోవుట యొక కారణము.

వ్యాధి యొక్క స్వరూపము

అరచేతుల, అరికాళ్ల పై పొర మేర మీరి మందమగుటను వైద్యులు పాల్మోప్లాంటార్ కెరటోడెర్మా యందురు. పేరు పొడవైనను అర్థము సులభమే. లాటిను భాషలో పాల్మా యనగా అరచేయి, ప్లాంటా యనగా అరికాలు. గ్రీకు భాషలో కెరస్ యనగా కొమ్ము, డెర్మా యనగా చర్మము. అరచేతియందును అరికాలియందును కొమ్మువలె గట్టిపడిన చర్మమని దీని భావము. ఇది యొక్క వ్యాధి పేరు కాదు, ఒక కుటుంబము పేరు. జ్వరము లనేకము లున్నట్లే ఇందును అనేక భేదము లున్నవి.

కొందరికి అరచేయి యంతయు ఒకే తీరుగా మందమై, మణికట్టు దగ్గర ఎర్రని అంచుతో నిలిచిపోవును. కొందరికి ఒత్తిడి తగులు చోట్ల మాత్రమే బిళ్లలుగా గట్టిపడును. కొందరికి వ్రేళ్ల పొడవున చారలుగా నుండును. మరికొందరికి ఆవగింజలంతేసి గట్టి చుక్కలుగా కనబడును. పుట్టుకతో వచ్చు భేదములు సాధారణముగా మొదటి నెలలలోనో బాల్యపు తొలి యేండ్లలోనో బయలుపడును. చుక్కలుగా వచ్చు భేదము యౌవనమునందు కనబడుట కలదు. మందమైన చర్మము వంగదు గనుక పగులును. ఆ పగుళ్లు లోతుగా దిగినప్పుడు నడచుటయు పిడికిలి ముడుచుటయు బాధాకరమగును. పెక్కుమందికి చేతులు ఎక్కువగా చెమర్చును. ఆ తడిలో తామరజాతి బూజు చేరినయెడల దురదయు దుర్వాసనయు కలుగును. దుర్వాసన ఆ బూజు వలనను, నానిన పొలుసులలో పెరుగు సూక్ష్మజీవుల వలనను కలుగునే కాని ఆ బిడ్డ యొక్క అశుభ్రత వలన కాదు.

జర్మనీ దేశపు వైద్యులలో థోస్టు 1880లోను, ఉన్నా 1883లోను ఈ వ్యాధి కొన్ని కుటుంబములలో తరతరములుగా వచ్చుచుండుటను వర్ణించిరి. అందుచేత ఒక భేదమునకు చాలకాలము వారిద్దరి పేళ్లే నిలిచినవి. అయితే శరీరమంతయు చర్మముచే కప్పబడియుండగా ఈ మందము అరచేతులకును అరికాళ్లకును మాత్రమే యేల రావలెనను ప్రశ్నకు సమాధానము దొరకుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

కెరటిన్ ఒక్కటే రకము కాదు. శరీరములోని చోటును బట్టి వేర్వేరు రకముల కెరటిన్ ఏర్పడును. వానిలో తొమ్మిదవ సంఖ్య గలది ఇంచుమించుగా అరచేతులయందును అరికాళ్లయందును మాత్రమే తయారగును. దానిని తయారుచేయు జన్యువులో లోపముండుట ఈ వ్యాధి యొక్క ఒక ముఖ్యభేదమునకు కారణమని 1994లో కనుగొనబడినది. కెరటిన్ పోగులు కణమును లోపలినుండి బిగించి పట్టుకొనును. వలలో బలహీనమైన పోగులున్నచోట చేప విదిలించినంతనే కన్నులు తెగునట్లు, పోగులు బలహీనమైన కణములు నడక యొక్క ఒత్తిడికే చిట్లును. చర్మము తన్ను తాను కాపాడుకొనుటకై పైన మరింత కెరటిన్ పేర్చుకొనును. కావున మనకు కనబడు మందము శరీరము చేసికొన్న మరమ్మతే. మరమ్మతు మితము మీరుటయే ఇచ్చట వ్యాధి. ఈ భేదము మిక్కిలి అరుదు. ఉత్తర ఐర్లండు దేశములో లెక్కింపగా లక్ష జనములో 4 లేక 5 గురికి కనబడినది.

తల్లిదండ్రులనుండి వచ్చు విధము

జన్యువు అనగా నేమి? అది శరీరనిర్మాణమునకు సంబంధించిన ఒక దస్తావేజు వంటిది. ప్రతి మనుష్యునికిని ఇంచుమించుగా ప్రతి దస్తావేజునకును రెండేసి ప్రతు లుండును. ఒకటి తండ్రినుండియు ఒకటి తల్లినుండియు వచ్చినవి. నకలు వ్రాయునప్పుడు ఒక అక్షరము తప్పిపోవుట ఎట్లు సంభవించునో జన్యువునందును అట్లే తప్పు దొరలవచ్చును. కొన్ని భేదములలో ఒక ప్రతి తప్పైనచో చాలును, వ్యాధి కలుగును. అట్టి తల్లికిగాని తండ్రికిగాని పుట్టు ప్రతి బిడ్డకును రెంటిలో ఒక వంతు అవకాశము గలదు. మరికొన్ని భేదములలో రెండు ప్రతులును తప్పైననే వ్యాధి కలుగును. అప్పుడు తల్లికిని తండ్రికిని ఏ లక్షణమును ఉండదు. వారు చెరియొక తప్పుప్రతిని తెలియకయే మోయుచుందురు. వారికి పుట్టు ప్రతి బిడ్డకును నాలుగింటిలో ఒక వంతు అవకాశము.

ఈ రెండవ విధమును విశదపరచు దృష్టాంతములు మూడు సముద్రతీరములనుండి దొరకుచున్నవి. ఏడ్రియాటిక్ సముద్రములో మ్లేట్ అను చిన్న ద్వీపము కలదు. పూర్వము దానిని మెలెడా యనిరి. అచ్చటి కొన్ని కుటుంబములలో చేతులును కాళ్లును మందమగు వ్యాధిని లూకా స్టుల్లి యను డుబ్రావ్నిక్ నగరపు వైద్యుడు 1826లో వర్ణించెను. నేటికిని ఆ భేదమును ‘మెలెడా వ్యాధి’ యనియే పిలుతురు. దాని జన్యువు 2001లో కనుగొనబడినది. ద్వీపము చిన్నది, జనము కొద్ది, సంబంధములు తమలో తామే చేసికొనవలసి వచ్చినది. ఒకే తప్పుప్రతి గల ఇరువురు దంపతులగుట అందుచేత తరచు సంభవించినది.

రెండవది మన దక్షిణదేశమునకు సంబంధించినది. మలబారు తీరమున కొచ్చిన్ నగరమందు అనేక శతాబ్దములనుండి యూదుల చిన్న సమాజ ముండెను. ఆ సమాజమునకు చెందిన నలుగురు తోబుట్టువులయందు ఒక విశేష భేదమును హైమ్, మంక్ అను వైద్యులు 1965లో వెల్లడించిరి. వారికి అరచేతులును అరికాళ్లును మందమగుటయే గాక పండ్ల చిగుళ్లు చెడి పండ్లు కదలుటయు, వ్రేళ్లు సన్నముగా పొడవై గోళ్లు వంగుటయు కలిగెను. ఆ వైద్యుల పేళ్లే ఆ భేదమునకు నిలిచినవి. దానికి కారణమైన జన్యువు తరువాత తెలియవచ్చినది.

మూడవది మన తీరమే. ఇచ్చట ఈ వ్యాధి గలవారెందరో చెప్పుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము కాదు. అయితే దస్తావేజు నకలు గూర్చి పైని చెప్పిన మాట మన తెలుగు కుటుంబములకు ప్రత్యేకముగా వర్తించును. మనలో మేనరికము పూర్వాచారము. మేనమామకును మేనకోడలికిని జన్యువులలో నాల్గవ వంతును, మేనత్త మేనమామల బిడ్డలకు ఎనిమిదవ వంతును ఉమ్మడిగా నుండును. వంశములో ఒక తప్పుప్రతి దాగియున్నచో అది ఆలుమగలిద్దరిలోను ఉండుటకు మేనరికమునందు అవకాశ మెక్కువ. మేనరికము చేసికొన్నవారి కందరికిని వ్యాధిగల బిడ్డలు పుట్టుదురని దీని అర్థము కాదు. పెక్కుమందికి ఆరోగ్యవంతులైన బిడ్డలే కలుగుదురు. అయితే ఇంటిలో ఇట్టి బిడ్డ ఇదివరకే యున్నయెడల, మరల ఆ వంశములోనే సంబంధము కలుపుకొనుటకు ముందు వైద్యుని ఆలోచన యడుగుట వివేకము.

ఇచ్చట గృహస్థులు గమనింపదగిన మాట యొకటి కలదు. బిడ్డకు లోపము కలిగినప్పుడు కోడలిని నిందించుట మన ఇండ్లలో వాడుక. రెండు ప్రతులును తప్పైన భేదములలో తండ్రి యిచ్చిన ప్రతియు తల్లి యిచ్చిన ప్రతియు సమానమే. గ్రహణకాలమున ఆమె కూర కోసినందున గాని, నిద్రించినందున గాని జన్యువు మారదు. కావున ఆ తల్లిని నిందించుట అన్యాయము.

ఇది కుష్ఠు కాదు

ఈ వ్యాధి అంటదు. దీనికి కారణమైన సూక్ష్మజీవి లేదు. ఇట్టి బిడ్డ చేయి పట్టుకొన్నను, ప్రక్కన పరుండినను, ఒకే కంచములో తినినను మరియొకరికి రాదు. బూజు చేరినప్పుడు మాత్రము ఆ బూజు అంటవచ్చును. అది మందుతో పోవును, మూలవ్యాధికి దానితో సంబంధము లేదు.

అయినను జనులు దీనిని చూచి కుష్ఠు అని భ్రమపడుదురు. ఆ భ్రమకు కొంత ఆధారము లేకపోలేదు. కుష్ఠువ్యాధిలో నరములు చెడి చెమటపట్టుట నిలిచిపోవును గనుక అరచేతులును అరికాళ్లును ఎండి పగులును. అయితే రెంటికిని భేదము గొప్పది. కుష్ఠువునందు సాధారణముగా దేహముపై వన్నె తగ్గిన, స్పర్శ తెలియని మచ్చలు గాని, చేతికాళ్లలో తిమ్మిరియు బలహీనతయు గాని కలుగును. కాలినను గ్రుచ్చుకొన్నను నొప్పి తెలియకపోవుట దాని ముఖ్యలక్షణము. మనము చెప్పుకొనుచున్న వ్యాధిలో నరములు చెడవు. మందమైన చోట మెల్లగా తాకిన స్పర్శ కొంచెము మొద్దుబారవచ్చును. కాని పగులు నొప్పి బాగుగా తెలియును, చేతి వెనుకతట్టున స్పర్శ సహజముగా నుండును. ఒకటి శైశవమునందే ఇరుప్రక్కల సమానముగా వచ్చును. మరియొకటి సాధారణముగా మెల్లగా, తరచు ఒక ప్రక్కనే మొదలగును. నిర్ణయము మాత్రము వైద్యుడే చేయవలెను. అరుగుమీద కూర్చున్నవారు చేయరాదు.

అది నిజముగా కుష్ఠువే అయినను నేటి కాలమున భయపడవలసినది లేదు. దాని సూక్ష్మజీవిని నార్వే దేశమున హాన్సెన్ 1873లో కనుగొనెను. తెలుగుదేశమున డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసానిగారు 1915లో స్థాపించిన చికిత్సాలయమున నాటి రోగులకు చాల్ముగ్రా జాతి నూనెను సూదిమందుగా నిచ్చెడివారు. ఆ నూనె కాలము గతించినది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలుమందుల కలయికను నిర్ణయించెను. ఆరు నెలలు గాని పండ్రెండు నెలలు గాని ఆ బిళ్లలు మ్రింగినచో వ్యాధి నయమగును. మందు ప్రారంభించిన కొద్దికాలములోనే రోగి ఇతరులకు అంటించు స్థితినుండి తప్పుకొనును. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఆ మందు ఉచితముగా దొరకును. 1898 నాటి కుష్ఠురోగుల చట్టము 2016లో రద్దైనది. కుష్ఠును విడాకులకు కారణముగా జూపు నిబంధనలు 2019లో తొలగింపబడినవి. చట్టము తన పాతమాటను దిద్దుకొనగా మనము దిద్దుకొనకపోవుట తగదు.

పరిశుద్ధ గ్రంథము చదువువారికి మరియొక సంగతి. లేవీయకాండము 13, 14 అధ్యాయములలో ‘కుష్ఠు’ అని తెలిగించిన హెబ్రీ పదము నేటి వైద్యులు చెప్పు ఒక్క వ్యాధికే పేరు కాదు. ఆ అధ్యాయములలో ఆ మాటయే బట్టలమీదను ఇంటి గోడలమీదను కలుగు పొడకును వాడబడినది. చర్మముపై కనబడు ప్రతి మార్పునకును ఆ పేరు పెట్టి యొక బిడ్డను పాళెము వెలుపలికి పంపుటకు ఆ అధ్యాయములను ఆధారము చేసికొనరాదు.

వైద్యుని యొద్దకు వెళ్లుట యేల యవసరము

అంటదు, ప్రాణాపాయము లేదు, గనుక ఊరకుండవచ్చునని కొందరు తలంతురు. అది సరికాదు. కొన్ని భేదములు లోపలి అవయవముల వ్యాధికి సూచనలై యుండును.

అరచేతులు మందమై, దానితోపాటు పాలపండ్లు నాలుగైదేండ్లకే కదలి రాలిపోయినయెడల అది 1924లో పాపియోన్, లెఫేవ్రు అను ఫ్రెంచి వైద్యులు వర్ణించిన భేదము కావచ్చును. పది లక్షలలో 1 మొదలు 4 గురికి మాత్రమే వచ్చునని అంచనా. దీనిని వెంటనే గుర్తించి దంతవైద్యుడు శ్రద్ధ తీసికొన్నయెడల తరువాత వచ్చు స్థిరమైన పండ్లను కొంతవరకు కాపాడవచ్చును; ఉపేక్షించినచో యౌవనము నాటికే నోరు బోసిపోవును. దీని జన్యువు 1999లో తెలిసినది. కొచ్చిన్ యూదుల భేదమునకును ఆ జన్యువే కారణమని మరుసటి యేట తేలినది.

బిడ్డ కండ్లు ఎర్రబడి, నీరు కారి, వెలుతురు చూడలేక బాధపడుచు, అరచేతులలో నొప్పిగల బిళ్లలు లేచినయెడల, అది టైరోసిన్ అను ఆహారాంశమును శరీరము జీర్ణించుకొనలేనందున కలుగు భేదము కావచ్చును. దీనికి మందుకంటె పథ్యము ముఖ్యము. వైద్యుడు చెప్పిన ప్రకారము కొన్ని మాంసకృత్తులను తగ్గించి తినిపించినచో కండ్లును చేతులును బాగుపడును. సకాలమున పథ్యము పాటించుట వలన బుద్ధిమాంద్యమును గూడ తప్పింపవచ్చును.

వెండ్రుకలు పుట్టుకతోనే గొఱ్ఱె ఉన్నివలె ముడుచుకొనియుండి, అరచేతులు మందమైనయెడల గుండెను పరీక్షింపవలెను. గ్రీకు ద్వీపమైన నాక్సోసునందు 1986లో ఇట్టి కుటుంబములు వర్ణింపబడినవి. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమందు 1958లో వర్ణింపబడిన కుటుంబములలో పెద్దవయస్సున అన్నవాహికకు పుట్టకురుపు వచ్చుట కనబడినది. ఇవి యన్నియు అత్యంత అరుదు. అయినను పరీక్ష చేయించుకొన్నవారికి కలుగు మేలు గొప్పది.

పెద్దవయస్సున క్రొత్తగా అరచేతులు గట్టిపడినచో దాని కారణములు వేరు. సోరియాసిసు, గజ్జిజాతి వ్యాధులు, కంఠమునందలి థైరాయిడు గ్రంథి మందగించుట, త్రాగునీటిలో పాషాణము కలియుట మొదలగునవి అందు చేరును. పశ్చిమ బెంగాలులో 1983 మొదలుకొని గొట్టపుబావుల నీటిలోని పాషాణముచేత అనేకుల అరచేతులలో గట్టి చుక్కలు లేచినవి. పెద్దవయస్సున క్రొత్తగా వచ్చిన మందమును పుట్టుకతో వచ్చినదిగా నెంచి ఊరకుండరాదు.

ఇంటిలో చేయదగిన ఉపచారము

జన్యువును మార్చి ఈ వ్యాధిని సమూలముగా పోగొట్టు చికిత్స సామాన్యముగా దొరకుట లేదు. అయినను దినదినమును శ్రద్ధ చేసినయెడల బాధ మిక్కిలి తగ్గును. రాత్రి పరుండుటకు ముందు గోరువెచ్చని నీటిలో చేతులను కాళ్లను పది లేక పదునైదు నిమిషములు నాననిచ్చి, నురుగురాతితో మెల్లగా రుద్ది, తడి పూర్తిగా ఆరకముందే మెత్తబరచు లేపనము పూయవలెను. యూరియా కలిసిన లేపనము చాల ఉపయోగకరము. సాలిసిలిక్ ఆమ్లము కలిసినది పొలుసును కరగించును. అయితే పసిబిడ్డలకు విశాలమైన భాగముపై దానిని పూయుట అపాయము గనుక వైద్యుని యనుమతి లేక వాడరాదు. లేపనము కొనలేనివారు వాసెలిను గాని కొబ్బరినూనె గాని పూసి, శుభ్రమైన నూలుమేజోళ్లు తొడిగినను కొంత మేలు కలుగును. వ్రేళ్ల సందులను పొడిగా నుంచవలెను. చెప్పులు మెత్తనివై, ఒరయనివై యుండవలెను. వ్యాధి తీవ్రమైనప్పుడు వైద్యులు మ్రింగుటకు కొన్ని మందులు నిత్తురు. వానిలో ఎసిట్రెటిన్ వంటివి గర్భస్థశిశువునకు హాని చేయును గనుక, స్త్రీలు ఆ మందును మానిన తరువాత మూడేండ్ల వరకు గర్భము ధరింపరాదని వైద్యులు హెచ్చరింతురు.

చేయరానివి ఇంతకంటె ముఖ్యము. క్షౌరపు కత్తితో గాని బ్లేడుతో గాని గట్టిచర్మమును చెక్కరాదు, చీము పట్టును. జిల్లేడుపాలు, జీడినూనె, ఆమ్లములు పూయరాదు; అవి ఆరోగ్యమైన చర్మమును గూడ కాల్చి పుండ్లు చేయును. దయ్యము పట్టినదని వాతలు పెట్టుట క్రూరత్వమే గాని వైద్యము కాదు.

పాఠశాలలో మన కర్తవ్యము

ఉపాధ్యాయుడు ఇట్టి బాలుని పాఠశాలనుండి వెడలగొట్టడు. అయినను మన భాషలో ‘పొమ్మనక పొగబెట్టుట’ యను మాట యొకటి కలదు. అందరిని బల్లమీద కూర్చుండబెట్టి అతనిని మూలకు జరుపుట, మధ్యాహ్న భోజనమున పంక్తి చివర విస్తరి వేయుట, పుస్తకములు పంచు పని అతనికి చెప్పకుండుట, చెడుగుడు ఆటలో అతని చేయి పట్టుకొనుటకు తక్కినవారు వెనుదీయుచుండగా చూచియు చూడనట్లుండుట — ఇవి యన్నియు పొగయే. కొన్ని నెలలకు ఆ బాలుడు తనంతటతానే బడి మానును. అప్పుడు మనము హాజరుపట్టీలో పేరు కొట్టివేసి, చదువు మీద ఆసక్తి లేదని వ్రాసికొందుము.

దీనికి మారుగా చేయవలసినవి కష్టమైనవి కావు. సన్నని కలము పట్టుట బాధగా నున్నచో దానికి గుడ్డ గాని దారము గాని చుట్టి లావు చేయవచ్చును. పగుళ్లున్న దినములలో వ్రాతపరీక్షకు కొంచెము ఎక్కువ కాలమీయవచ్చును. ఎండకు కాలిన నేలమీద వట్టికాళ్లతో కసరత్తు చేయింపక, చెప్పులు తొడిగికొననీయవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, తరగతిలో అందరును చూచుచుండగా ఉపాధ్యాయుడు ఆ బాలుని చేయి తన చేతితో పట్టుకొనవలెను. అంటదని పదిసార్లు చెప్పుటకంటె ఒక్కసారి పట్టుకొనుట పిల్లలకు బాగుగా బోధపడును.

విద్యార్థులారా, తోటివానికి ‘గిట్టలవాడు’ మొదలగు పేళ్లు పెట్టుట మీకు క్షణకాలపు నవ్వు. అతనికది జీవితకాలపు బాధ. అతని చేతిలో మందమైనది చర్మమే. ఆ చేతితోనే అతడు లెక్క చేయగలడు, బొమ్మ గీయగలడు, పడవ తెడ్డు వేయగలడు.

తల్లిదండ్రులు తెలిసికొనవలసిన వ్యవహారవిషయ మొకటి మిగిలినది. 2010లో ప్రారంభమైన ఆధారు గుర్తింపునకు వ్రేలిముద్రలు తీయుదురు. మన రాష్ట్రమున 2015 నుండి చౌకబియ్యపు దుకాణములలోను వ్రేలిముద్ర యంత్రములు వచ్చినవి. వ్రేళ్ల కొనలు మందమైనవారికిని, ఉప్పుపనిలోను వలపనిలోను గీతలు అరిగిపోయినవారికిని ఆ ముద్ర తరచు పడదు. అట్టివారిని అబద్ధికులనుగా చూచుట తగదు. వ్రేలిముద్ర పడనివారికి కనుపాపల గుర్తు తీసికొనుటకు ఏర్పాటు కలదు. రెండును వీలుకానివారిని నమోదు చేయుటకును నిబంధన లున్నవి. చదువు వచ్చిన విద్యార్థులు ఇట్టి పెద్దలకు తోడుగా వెళ్లి ఆ సంగతిని అధికారులకు వినయముగా తెలియజేసినచో ఒక కుటుంబమునకు ఆ నెల బియ్యము దక్కును.

ఈ వ్యాధికి వైద్యుడు చేయదగినది కొంత కలదు. ఇంటివారు చేయదగినది కొంత కలదు. తక్కినది ఊరివారమైన మన చేతిలో నున్నది. చర్మపు మందమును లేపనము మెత్తబరచును. ఆ బిడ్డను దూరముగా నుంచు మన అలవాటును మాత్రము మనమే మానుకొనవలెను. కావున ఇకమీదట అట్టి చేయి మీ యెదుటికి చాపబడినప్పుడు వెనుదీయక అందుకొనుడు.